అది రొద కాదు, వదినగారూ!

మా వదినగారు ఈమధ్య వారం రోజులు ఉంటానని మా ఇంటికి వచ్చారు. మూడోనాడు పొద్దున్నే సంచీ సర్దుకున్నారు. కారణం మా అమ్మాయి గదిలోంచి వినబడిన పాట. "దీపం పెట్టే వేళ దెయ్యాలను పిలిచే పాటలేమిటమ్మా! వాన, ఉరుము, చావు గంట, ఆపైన ఆ రొద! సంగీతం నేర్చుకున్నదానివి, నీ ఇంట్లోనా ఇది?" అని గుమ్మంలో నించుని దండకం చదివి మరీ వెళ్ళారు.

పెద్దావిడ, పైగా ఆడపడుచు. ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. నోటితో అనలేనివి కాగితం మీద పెట్టడం నాకు అలవాటు. అందుకని ఆవిడకీ, ఆవిడలా అనుకునే వాళ్ళందరికీ ఇక్కడే జవాబు చెబుతున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నెల క్రితం నేనూ అదే మాట అన్నాను. మా అమ్మాయి డాక్టరు చదువు కోసం పరీక్ష ఒకసారి రాసి, సీటు రాక, రెండోసారికి చదువుతోంది. తిండి తగ్గింది, మాట తగ్గింది. పెరిగింది ఒక్కటే, ఆ పాట. "ఆపవే తల్లీ ఆ గోల! చదివిన నాలుగు ముక్కలూ మర్చిపోతావు" అన్నాను. అది కోప్పడలేదు. "నీకర్థం కాదులేమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ మాట నన్ను వదల్లేదు. పెళ్ళికి ముందు వర్ణాలు దాటి నాలుగు కీర్తనల దాకా వచ్చి ఆగిపోయిన సంగీతం నాది. అయినా ఇంగువ కట్టిన గుడ్డ కదా, వాసనైనా మిగలదూ? ఒక మధ్యాహ్నం పిల్ల కోచింగుకి వెళ్ళాక, ఆ పాట పెట్టుకుని, పక్కన శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చున్నాను.

పాట పేరు 'బ్లాక్ సబ్బత్'. పాడిన ముఠా పేరూ అదే, ఆల్బమ్ పేరూ అదే. 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. ఇవాళ హెవీ మెటల్ అంటున్న సంగీతానికి ఇదే మొదలని చాలామంది చెబుతారు. శ్రుతి వెతికితే ఐదు దగ్గర కలిసింది. మన ఆడవాళ్ళం రోజూ పాడుకునే ఐదు శ్రుతే! నాకు సగం భయం అక్కడే పోయింది.

ఇక వరస చూద్దామా? మూడే అడుగులు. కింది షడ్జం. అక్కణ్ణించి పై షడ్జం. పైనుంచి ఒక్క దూకులో ప్రతిమధ్యమం. అక్కడ ఆగి వణుకుతుంది. మళ్ళీ కింది షడ్జం, మళ్ళీ అదే దారి. కాలం చూస్తే విలంబం. చీకట్లో అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు.

ప్రతిమధ్యమం మనకు కొత్తదా? డెబ్బై రెండు మేళకర్తల్లో రెండో సగం, 37 నుంచి 72 వరకు, దానిదే. కల్యాణికి ప్రాణం అదే. మరి పెళ్ళిపందిట్లో నాదస్వరం మీద కల్యాణి వింటే ఎవరూ సంచీ సర్దుకుని పారిపోరేం?

పాశ్చాత్య సంగీతంలో షడ్జానికీ ఈ స్వరానికీ మధ్య దూరాన్ని 'ట్రైటోన్' అంటారు. మూడు నిండు స్వరాల దూరం. పన్నెండు స్వరస్థానాల్లో సరిగ్గా నడిమధ్య. 18వ శతాబ్దం తొలినాళ్ళ సంగీత గ్రంథాల్లో దానికి 'సంగీతంలో సైతాను' అని లాటిన్ పేరు పెట్టారు. మధ్యయుగంలో చర్చివాళ్ళు దాన్ని నిషేధించారనీ, వాయించినవాణ్ణి శిక్షించారనీ ఒక కథ చెబుతారు. దానికి ఆధారం లేదు. పాడటం కష్టమనీ, చెవికి పొసగదనీ పండితులు దాన్ని తప్పించుకు తిరిగారు, అంతే. పేరు ఉంటే చాలు కదా, కథ దానంతట అదే పుడుతుంది! మన వీధుల్లో మాత్రం పుట్టడం లేదూ?

సంగతేమిటంటే, స్వరానికి ఒంటరిగా మంచీ చెడూ లేవు. మన ఆడపిల్లనే చూడండి. పుట్టింట్లో గలగలలాడిన పిల్ల, అత్తవారింట్లో మొదటి నెల నోరు విప్పదు. పిల్ల అదే. పక్కన ఉన్నవాళ్ళు మారారు. కల్యాణిలో ప్రతిమధ్యమానికి పక్కనే పంచమం చెయ్యి అందిస్తుంది. ఆ గమకమే పంచమాన్ని ముట్టుకుని వస్తుంది. తంబురా కూడా ఆ పంచమాన్నీ షడ్జాన్నీ పట్టుకుని మోగుతూ 'ఇల్లు ఇక్కడే ఉంది' అని చెబుతూనే ఉంటుంది.

ఈ పాటలో ఆ స్వరం పంచమం గడప దాకా వచ్చి నిలబడిపోతుంది. వణుకులో అవతలి అంచు తగిలీ తగలనట్టు ఉంటుంది గాని, కాలు లోపల పెట్టదు. మళ్ళీ కిందకి జారుతుంది. ఒకసారి కాదు, నిమిషాల తరబడి. శ్రుతిపెట్టె ముందు కూర్చుని ఆ మూడు స్వరాలూ నేనే పాడి చూశాను. పంచమం అందుకుందామని గొంతు తహతహలాడింది. అందుకోకుండా ఆపుకుంటే గుండెలో ఏదో బిగిసింది. భయమంటే అదే కాదూ? ఏదో వస్తోందని తెలుసు, వచ్చేదాకా ఊపిరి వదలలేం. చివర్లో కాలం పెరిగి పాట పరుగందుకుంటుంది. అంతసేపు బిగబట్టిన మనిషి పరుగెత్తక ఏం చేస్తాడు!

ఇక వదినగారి మొదటి అభియోగం, దెయ్యాలను పిలవడం. ఒక రాత్రి మెలకువ వస్తే మంచం కాళ్ళవైపు నల్లటి ఆకారం కనిపించిందని, పాటకు మూలం అదేనని ముఠాలో బేస్ గిటారు వాయించే గీజర్ బట్లర్ చెప్పుకున్నాడు. పాటలో మనిషి దాన్ని పూజించడు. హడలిపోయి, కాపాడమని దేవుణ్ణే వేడుకుంటాడు. మొసలి ఉంది కదా అని గజేంద్రమోక్షాన్ని మొసలి పూజ అంటామా?

రెండోది, రొద. అది ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆ మాట అనబుద్ధి కాదు. బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. గిటారు వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. పనిలో ఆఖరి రోజున యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కే వేళ్ళే పోయాయన్నమాట. ఇక వాయించలేవన్నారు. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి కుట్టుపని తొడుగుల్లాంటివి చేసుకుని, పైన తోలు అంటించి, సన్నటి తీగలు కట్టుకుని మళ్ళీ వాయించాడు. 1971 నాటి మూడో ఆల్బమ్ దగ్గర తీగలు మూడు స్వరస్థానాలు దించి మరీ వదులు చేశాడు. నాదం ఇంకా బరువెక్కింది. పాడిన ఆజీ ఆజ్‌బర్న్, 2025 జూలైలో పోయాడు, కుర్రతనంలో కబేళాలో పనిచేసినవాడు. ఇలాంటి చోట్ల పెరిగిన పిల్లల గొంతులోంచి జోలపాట రావాలనడం న్యాయమా?

"భయపడే పిల్లకి భయం పాటెందుకమ్మా, కల్యాణి వినిపించవచ్చుగా?" అంటారేమో. వినిపించాను. లేచి వెళ్ళిపోయింది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. శుభపంతువరాళి విని ఏడిచి తేలికపడేవాళ్ళం మనం, భయానకం విని తేలికపడే పిల్లను తప్పుపడతామా?

మూడో అభియోగం మావాళ్ళ పిల్లలది. "పాటను అనుభవించాలి పిన్నీ, స్వరాలు లెక్కపెడితే చచ్చిపోతుంది" అంటారు. పులుసులో చింతపండు ఎంత పడిందో తెలిసినంత మాత్రాన రుచి పోతుందా నాయనా? చెడితే ఎక్కడ చెడిందో తెలుస్తుంది, అంతే. నాకు ఆ లెక్కే తెలియకపోతే ఇంకా 'ఆపవే ఆ గోల' అంటూ తలుపు బయటే ఉండేదాన్ని.

ఆ సాయంత్రం అది రాగానే కాఫీ ఇచ్చి, "మీ పాటలో ప్రతిమధ్యమం పంచమం దాకా వచ్చి ఆగిపోతోందే. పాపం, దాన్ని లోపలికి రానివ్వరేం?" అన్నాను. గ్లాసు పట్టుకుని నావంక చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా, "నాకు రోజూ అలాగే ఉంటోందమ్మా. ఈసారీ రాకపోతే?" అంది.

ఏడాది నుంచి నేను ఎన్నో విధాల అడిగినా రాని మాట అది. వదినగారు రొద అన్న పాట చెప్పించింది. సీటు వస్తుందో రాదో నాకూ తెలియదు. రాకపోయినా గడప లోపలే ఉంటావన్నాను. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది.

కనక అమ్మలారా, పిల్లల గదిలోంచి వచ్చేది మీకు నచ్చాలని నేననను. నాకూ ఇప్పటికీ ఆ గంట చప్పుడు గిట్టదు. కానీ రొద అని తీర్పు చెప్పేముందు ఒక్కసారి కూర్చుని వినండి. మన శాస్త్రం మనకు నేర్పింది చెవిని, ముక్కు విరుపును కాదు.

వదినగారు సంక్రాంతికి మళ్ళీ వస్తారు. కోపం ఎంత ఉన్నా అరిసెలు మా ఇంట్లోనే బావుంటాయి మరి. వచ్చినప్పుడు శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టి, కల్యాణి పాడండని బతిమాలి, ఆవిడ ప్రతిమధ్యమం దాకా రాగానే "ఒక్క నిమిషం ఆగండి వదినగారూ, పాలు పొంగుతున్నాయి" అని వంటింట్లోకి వెళ్ళిపోతాను. పంచమం లేకుండా ఎంతసేపు కూర్చోగలరో చూస్తాను!