ఒక్క స్పోకే కదా అనుకోవద్దు

మన డెల్టా పల్లెల్లో పాత బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు ఇంకా కనిపిస్తూనే వున్నాయి. 1955లో మద్రాసులో బుల్లెట్ల తయారీ, 1961లో మైసూరులో జావాల తయారీ మొదలయ్యాయి. ఆ రోజుల్లో తాతలు కొన్న బళ్ళను ఇప్పుడు మనుమలు పశువుల పాకల్లోంచి బయటికి తీసి బాగు చేయించుకుంటున్నారు. సంతోషించదగిన విషయమే. అయితే ఇంజనుకు, రంగుకు, మెరుగుకు వేలకు వేలు పోసేవారు చక్రం దగ్గరికి వచ్చేసరికి పిసినారితనం చూపుతున్నారు. "తిరుగుతోంది కదా, చాల్లే" అంటున్నారు. ఈ పొదుపు ప్రాణాలమీదికి తెచ్చే పొదుపు.

ఎద్దుబండి చక్రం సంగతి రైతులకు తెలిసిందే. దాని ఆకులు లావుపాటి కర్రవి. నేలవైపున్న ఆకు స్తంభంలా నిలబడి బరువు మోస్తుంది. మోటారు సైకిలు స్పోకు అలాంటిది కాదు. నిలబెట్టి నొక్కితే వంగిపోయే సన్నని తీగ అది. దాని బలమంతా లాగి బిగించడంలోనే వుంది. నులక మంచాన్ని చూడండి. నులక బిగువుగా వున్నంతకాలం ఎంత బరువైనా ఆగుతుంది. ఒక పేట తెగితే ఆ బరువు పక్క పేటలమీద పడి, వాటినీ తెంపుతుంది. చక్రంలోనూ జరిగేది ఇదే. ఒక స్పోకు విరిగితే పక్కవి అలిసిపోతాయి. అవి ఒకటొకటిగా హబ్ దగ్గరి వంపులో తెగుతాయి. రిమ్ము వంకర పోతుంది. నిండు వేగంలో వున్నప్పుడు అలా జరిగితే బండి మీద వున్నవారి గతి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

పాత బుల్లెట్టు 19 అంగుళాల చక్రంలో 40 స్పోకులుంటాయి. హబ్‌కు ఈ పక్క 20, ఆ పక్క 20. ప్రతి పక్కన సగం స్పోకులు ముందుకు వాలి, సగం వెనక్కు వాలి ఒకదానినొకటి దాటుతూ రిమ్ముకు చేరతాయి. వెనక చక్రంలో బండి ముందుకు దూకేటప్పుడు ఒక సగం, బ్రేకు వేసినప్పుడు రెండో సగం ఎక్కువ లాగుడు భరిస్తాయి. ఈ అల్లికలో ఒక్క స్పోకు తప్పు రంధ్రంలో పడినా లెక్క మొత్తం తప్పుతుంది.

మన ప్రాంతంలో స్పోకులకు మరో శత్రువు వుంది. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పుగాలి. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల గట్లమీద బురద. తుప్పు ముందు నిపిల్ లోపల, హబ్ రంధ్రాల్లో మొదలవుతుంది. పైకి మెరుస్తున్న స్పోకు లోపల తినేసి వుండవచ్చు.

ఇలాంటి చక్రానికి మన దగ్గర జరుగుతున్న వైద్యం ఏమిటి? విరిగిన స్పోకును వెల్డింగు చేయడం, దొరికిన లావు తీగను దొరికిన చోట తగిలించడం, వంగిన రిమ్మును సుత్తితో కొట్టడం. ఇవి మరమ్మతులు కావు, ప్రమాదాన్ని వాయిదా వేయడం మాత్రమే. అలా చేయమని ఒత్తిడి చేస్తున్నది కూడా తరచు బండి యజమానులే. మెకానిక్కును ఒక్కడినే తప్పు పట్టి లాభం లేదు.

చక్రాన్ని తిరిగి అల్లడానికి పద్ధతి వుంది. విప్పకముందే అల్లిక ఎలా వుందో ఫొటో తీసుకోవాలి. హబ్‌కు రిమ్ము ఏ పక్కకు ఎంత జరిగి వుందో కొలిచి రాసుకోవాలి. బ్రేకు డ్రమ్ము వున్న పక్క, లేని పక్క స్పోకుల పొడవు ఒకటే కాకపోవచ్చు. వాటిని కలపకూడదు. కొత్త స్పోకులన్నీ ఒకే లావువి వేయాలి. అన్ని నిపిళ్ళనూ ముందు సమానంగా తిప్పి, తరువాత అర చుట్టు చొప్పున బిగిస్తూ పోవాలి. చక్రం కుడి పక్కకు పోతుంటే అక్కడ ఎడమ స్పోకులు బిగించి కుడివి వదులు చేయాలి. ఎత్తు వచ్చిన చోట రెండు పక్కలవీ బిగించాలి. పక్క ఊపు గాని, ఎత్తుపల్లం గాని 2 మిల్లీమీటర్లు దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. నిపిల్ దాటి లోపలికి పొడుచుకు వచ్చిన కొసలను ఆకురాయితో అరగదీయకపోతే ట్యూబు పంక్చరవుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి. ఈ పని తొందరపడి చేసేది కాదు. అందుకు తగిన కూలి ఇవ్వడానికి మనం వెనుకాడకూడదు.

పనివాడు కానివారు కూడా రెండు పరీక్షలు చేసుకోవచ్చు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఫోర్కుకు ఆనించి పెన్సిలు పట్టుకుని చక్రం తిప్పండి. పెన్సిలుకూ రిమ్ముకూ మధ్య సందు మారుతుంటే బెండు వున్నట్టే. తరువాత చిన్న స్పానరుతో స్పోకులను ఒక్కొక్కటిగా తట్టండి. బిగువుగా వున్నది ఖణేల్‌మంటుంది. వదులైనది బొద్దుగా పలుకుతుంది. నెలకొకసారి పది నిమిషాలు చాలు.

పాత బండిని పాత చక్రంతోనే వుంచుకోవడానికి మరో కారణం కూడా వుంది. 50 ఏళ్ళు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలను కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో ప్రకటించింది. మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చని బళ్ళకే ఈ అవకాశం. ఇలా నమోదైన బండి రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. అంతటి గౌరవం పొందే బండికి తుప్పు స్పోకులు వుండడం శోభ కాదు.

ఇది పాత బళ్ళ ముచ్చట మాత్రమే అనుకుంటే పొరపాటు. పాల క్యాన్లు, గడ్డిమోపులు మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్ బళ్ళలో స్పోకు చక్రాలవి ఎన్నో వున్నాయి. సైకిళ్ళ మాట చెప్పనక్కరలేదు. వీటన్నిటికీ వీలు బెండు తీసే చేతులు కావాలి. అల్లాయ్ చక్రాలు వచ్చాక ఆ చేతులు తగ్గిపోతున్నాయి. పని తెలిసిన పెద్దలు విశ్రాంతి తీసుకుంటున్నారు. నేర్చుకునే కుర్రవాళ్ళు రావడం లేదు.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. వడ్రంగి, కమ్మరి, తాళాలు బాగుచేసేవారు, వలలు అల్లేవారు అందులో వున్నారు. వారికి శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, తక్కువ వడ్డీకి రుణం లభిస్తాయి. చక్రం అల్లేవాడికి, సైకిలు షాపు మేస్త్రీకి ఆ జాబితాలో చోటు లేదు. వల అల్లడం వృత్తి అయినప్పుడు చక్రం అల్లడం ఎందుకు కాదు? ప్రభుత్వం ఆలోచించాలి. మన ప్రజాప్రతినిధులు ఈ మాట పైకి చేర్చాలి.

ఈలోగా చేయదగినవి లేకపోలేదు. ఐటీఐల్లో మోటారు మెకానిక్ విద్యార్థులకు అనుభవజ్ఞులైన మేస్త్రీలను పిలిచి నాలుగు రోజులు చక్రం అల్లిక చేయించవచ్చు. కావలసింది ఒక పాత రిమ్ము, హబ్, 40 స్పోకులు, ఒక స్పోకు కీ. ఖర్చు స్వల్పం. పెద్ద మేస్త్రీలు కూడా పని రహస్యమని దాచుకోకుండా ఒక్కొక్కరు ఒక కుర్రవాడికి నేర్పితే ఆ విద్య ఊళ్ళో నిలుస్తుంది. వాహనదారులు విరిగిన స్పోకుతో మరో రోజు బండి నడపకుండా ఆ రోజే మేస్త్రీ దగ్గరికి తీసుకువెళ్ళాలి.