మార్తలకూ ఒక అరగంట

డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, క్రైస్తవుల ఇళ్లల్లో ఆడవాళ్లు కాలికి బలపం కట్టుకుని తిరగవలసిందే! ఇంటికి సున్నాలు వేయించాలి. అటక మీది సామాను దించి కడగాలి. గుమ్మానికి స్టారు కట్టించాలి. పిల్లల బట్టల కోసం టైలరు చుట్టూ తిరగాలి. అరిసెలకి బియ్యం నానబోసి, పిండి కొట్టించి, పాకం పట్టాలి. ఆ తర్వాత కజ్జికాయలు, జంతికలు, కేకు! మధ్యలో సెమీ క్రిస్మస్‌లు, అర్ధరాత్రి పాటలు పాడుతూ వచ్చే కేరల్స్ వాళ్లకి టీలు. తీరా 25వ తేదీ పొద్దున పాస్టరుగారు వాక్యం చెబుతుంటే, కొత్త చీర కట్టుకున్న ఇల్లాలికి కళ్లు మూతలు పడిపోతుంటాయి. ఎవరి పుట్టినరోజని ఇంత హడావుడి పడ్డామో, ఆయనతో రెండు మాటలు మాట్లాడుకునే ఓపిక మాత్రం మిగలదు.

సంక్రాంతి చేసుకునే సోదరీమణులకీ, రంజాన్ చేసుకునే సోదరీమణులకీ ఈ అలసట తెలియనిది కాదు. పండగ ఏదైనా పొయ్యి దగ్గర నిలబడేది మనమే కదా! నాకు తెలిసిన ఇల్లు క్రైస్తవుల ఇల్లు కనుక ఆ సంగతే రాస్తున్నాను.

ఈ కథ లూకా సువార్త 10వ అధ్యాయంలో ఉంది. యేసుప్రభువు మార్త ఇంటికి వచ్చాడు. మార్త వంటపనిలో మునిగిపోయింది. చెల్లెలు మరియ మాత్రం ప్రభువు పాదాల దగ్గర కూర్చుని ఆయన మాటలు వింటోంది. మార్తకి ఒళ్లు మండింది. పనంతా నామీద వదిలేసింది, దానికి కాస్త చెప్పవేం అని ప్రభువునే నిలదీసింది. ఆయన ఆమెను రెండుసార్లు పేరుపెట్టి పిలిచి, చాలా పనులు నెత్తిన వేసుకుని కంగారుపడుతున్నావనీ, నిజంగా కావలసింది ఒక్కటేననీ, మరియ దాన్ని ఎంచుకుందనీ నెమ్మదిగా చెప్పాడు.

ఈ కథ విన్నప్పుడల్లా మనలో చాలామందికి మార్త మీద జాలి వేస్తుంది. "అందరూ కూర్చుంటే అన్నం ఎవరు వండుతారండీ?" అని స్త్రీల కూటంలో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అడగవలసిన మాటే! కానీ ఒకటి గమనించండి. ప్రభువు వంట చెయ్యొద్దనలేదు. ఆయన ఎత్తిచూపింది ఆమె కంగారుని. యోహాను సువార్త 12వ అధ్యాయంలో బేతనియలో మళ్లీ విందు జరిగింది. అక్కడ కూడా వడ్డించింది మార్తే, ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. అంతకుముందు తమ్ముడు లాజరు చనిపోయినప్పుడు ప్రభువుకి ఎదురువెళ్లి, నువ్వే క్రీస్తువని నమ్ముతున్నానని ధైర్యంగా చెప్పిందీ మార్తే. వంటింటి మనిషికి విశ్వాసం తక్కువని ఎవరనగలరు?

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఒక గురువు పాదాల దగ్గర కూర్చోవటమంటే ఆయన దగ్గర చదువుకోవటమే. పౌలు కూడా తాను గమలియేలు పాదాల దగ్గర పెరిగానని చెప్పుకున్నాడు. అది మామూలుగా మగపిల్లలకి దక్కే చోటు. ఆ చోట ఒక ఆడపిల్ల కూర్చుంటే ప్రభువు ఆమెను లేపి వంటింట్లోకి పంపలేదు. ఆ చోటు ఆమె దగ్గరనుంచి ఎవరూ తీసుకోకూడదన్నాడు. మన చోటుని మనమే పిండివంటలకి ఇచ్చేసుకుంటే ఎలా?

"మీకేం, తీరికున్నవాళ్లు చెబుతారు" అంటారేమో. ఇంగ్లండులో సుసన్నా వెస్లీ అని ఒక పాస్టరుగారి భార్య ఉండేది. 1669లో పుట్టి 1742లో కన్నుమూసింది. 19 మంది పిల్లల్ని కన్నది, వాళ్లలో దాదాపు సగంమంది పసితనంలోనే పోయారు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. ప్రార్థనకి గది లేక, వంటకి కట్టుకునే ఏప్రన్నే తలమీద కప్పుకుని కూర్చునేదట! అమ్మ అలా కూర్చుంటే కదిలించకూడదని పిల్లలకి తెలుసునని చెబుతారు. అంతేకాదు, వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క బిడ్డతో విడిగా మాట్లాడటానికి వేళ పెట్టుకునేది. ఆ పిల్లల్లో ఒకడే జాన్ వెస్లీ. 1924 క్రిస్మస్ రోజున మెదక్‌లో మన పెద్ద చర్చిని ప్రతిష్ఠ చేసిన వెస్లియన్ మిషన్ ఆయన పేరు మీదదే.

అలాగే ఫ్రాన్సులో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన, 1691లో పోయాడు, పారిస్ మఠంలో ఏళ్ల తరబడి వంటవాడిగా చేశాడు. ఆయనకి వంటపనంటే స్వతహాగా ఇష్టం ఉండేది కాదట. అయినా గిన్నెల చప్పుళ్ల మధ్య కూడా దేవుడి సన్నిధిలోనే ఉన్నానన్న తలపుని అలవాటు చేసుకున్నాడు. ఆయన మాటలు, ఉత్తరాలు పుస్తకంగా వస్తే ఇప్పటికీ చదువుతున్నారు. అందుకే పని మానేయమని నేననటం లేదు. మనసు పరుగెత్తటం ఆగాలి, అంతే.

ఆగితే ఏమవుతుంది? మా సంఘంలో ఒకావిడ తన ఇంట్లో జరిగింది చెప్పింది. పేరు రాయకపోతే అందరికీ చెప్పమంది. ఆ ఏడాది క్రిస్మస్, జనవరిలో పెద్దమ్మాయి పెళ్లి రెండూ కలిసి వచ్చాయట. బంగారం, చీరలు, ఫంక్షన్ హాలు, కేటరింగు... ఇంట్లో వేరే మాట లేదు. చూపు ఆనని అత్తగారు "ఒక్క అధ్యాయం చదివి వినిపించమ్మా" అని పదేపదే అడుగుతుంటే, పోనీ అని రోజూ రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి అరగంట చదవటం మొదలుపెట్టింది. మూడోరోజుకి పెళ్లికూతురు కూడా వచ్చి నాయనమ్మ మంచం పక్కన కూర్చుంది. వారం తిరిగేసరికి, చదవటం అయిపోయి అందరూ ఊరుకున్న సమయంలో, ఆ పిల్ల "అమ్మా, నాకీ సంబంధం ఇష్టంలేదు" అంది. సంబంధం కుదిరి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో చీర రంగు అడిగినవాళ్లేగానీ మనసులో మాట అడిగినవాళ్లు లేరు!

ఆ తర్వాత అంతా సుఖంగా జరిగిందని చెప్పను. పెళ్లి ఆగింది. హాలుకిచ్చిన అడ్వాన్సు పోయింది. చుట్టాలు నానా మాటలూ అన్నారు. కానీ ఆవిడ ఒకటే అంటుంది, "డబ్బు పోయింది, పిల్ల దక్కింది వదినా. ఆ అరగంట లేకపోతే అది నోరు విప్పేది కాదు." నిశ్శబ్దంలో దేవుడి మాటే కాదు, ఇంట్లోవాళ్ల మాట కూడా వినపడుతుంది.

మరి మొదలుపెట్టటం ఎలాగంటారా? నాకు తోచినవి కొన్ని రాస్తున్నాను.

వేళ: తీరిక దొరికినప్పుడు చూద్దామంటే ఎప్పటికీ దొరకదు. తెల్లవారుజామునో, పిల్లలు స్కూలుకి వెళ్లాకో, ఏదో ఒక వేళ ఖాయం చేసుకోండి. కపెర్నహూములో ఊరంతా గుమ్మం ముందు పోగైన మర్నాడే, ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థనకి వెళ్లాడు. ఆయనకే అవసరమైతే మనకి వద్దా?

చోటు: కిటికీ పక్కన ఒక కుర్చీ చాలు. బైబిలు బీరువాలో కాకుండా అక్కడే ఉంచండి. సెల్‌ఫోను మాత్రం పక్కగదిలో పెట్టండి. పొద్దున్నే వాట్సాప్‌లో నలుగురికి వచనం పంపించటం, మనం కూర్చుని చదువుకోవటం ఒకటి కాదు.

చదవటం: లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే క్రిస్మస్ ముందురోజుకి సరిగ్గా పూర్తవుతుంది. మార్త కథ 10వ తేదీన వస్తుంది, అప్పటికి మనింట్లో పిండివంటల హడావుడి మొదలై ఉంటుంది! చదివాక ఐదు నిమిషాలు ఏమీ అడక్కుండా ఊరికే కూర్చోండి.

తగ్గించుకోవటం: ఇదే కష్టం. అరగంట ఊరికే రాదు, ఏదో ఒకటి వదులుకోవాలి. ఐదు పిండివంటల బదులు రెండు చెయ్యండి. మనిషికి ఒక జత బట్టలు చాలు. పక్కింటి స్టారుకంటే మన స్టారు పెద్దది కానక్కర్లేదు. అప్పుచేసి పప్పుకూడు తిని, జనవరినుంచి వడ్డీలు కట్టుకునే పండగలో శాంతి ఎక్కడిది? ప్రభువు పుట్టింది పశువుల పాకలోనేగా!

ఇంట్లో మగవాళ్లకీ పిల్లలకీ కూడా ఒకమాట ముందే చెప్పి ఉంచండి, ఈ అరగంట అమ్మని పిలవొద్దని. కాఫీ వాళ్లే కలుపుకుంటారు. మొదటి రెండు రోజులూ పంచదార డబ్బా ఎక్కడుందని కేకలు వినిపిస్తాయి. లేవకండి.