ధైర్యం ట్రంకుపెట్టెలో రాదు



మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కబడ్డీ, ఖోఖోతో పాటు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ ఆడే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లు మ్యాచ్‌లో కొంచెం తడబడితే చాలు, ఒక మాట వినిపిస్తుంది: "టాలెంట్ ఉంది గానీ వీడికి మైండ్‌సెట్ లేదు." ఈ మాటతోనే మాకు పేచీ. ధైర్యం అనేది పిల్లలు ఇంటి నుంచి ట్రంకుపెట్టెలో పెట్టుకొచ్చే వస్తువు కాదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎలా మాట్లాడతారు, ఎలా నేర్పుతారు అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, లేదంటే చచ్చిపోతుంది.

ముందు ఆట లెక్క చూద్దాం. బేస్‌బాల్‌లో 10 సార్లకు 3 సార్లు హిట్ కొట్టినోడు మంచి బ్యాటర్. 1941లో టెడ్ విలియమ్స్ సీజన్ మొత్తానికి .406 సగటు సాధించాడు. దాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అంటే అంతటి ఆటగాడు కూడా సగం కంటే ఎక్కువ సార్లు హిట్ కొట్టలేకపోయాడు. ఇలాంటి ఆటలో రెండుసార్లు అవుటైన ఏడో తరగతి పిల్లాడిని అందరి ముందు నిలబెట్టి తిడితే వాడు నేర్చుకునేది భయమే. మూడోసారి వాడి చూపు బంతి మీద ఉండదు, సార్ మొహం మీద ఉంటుంది.

రెండోది అవమానం. టౌన్ టీమ్‌తో ఆడేటప్పుడు "అడవోళ్లు" అని నవ్వడం, పేరు అడక్కుండా "ఏయ్ ట్రైబల్" అని పిలవడం మనలో చాలామందికి తెలుసు. అమెరికా ఆదివాసీలకూ ఇదే ఎదురైంది. ఒజిబ్వే తెగకు చెందిన చార్లెస్ బెండర్ కార్లైల్ అనే ఆదివాసీ హాస్టల్ స్కూల్లో చదివాడు. పిల్లల జుట్టు కత్తిరించి, వాళ్ల భాష మాట్లాడనివ్వని స్కూలు అది. తర్వాత ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కు పిచ్చర్ అయ్యాడు. జనం, పత్రికలు ఆయన్ని "చీఫ్" అనేవాళ్లు. ఆదివాసీ ఎవరైనా వాళ్లకు అదే పేరు. ఆయన మాత్రం సంతకంలో తన సొంత పేరే రాసేవాడు. 1905 వరల్డ్ సిరీస్‌లో ఆయన టీమ్ గెలిచింది ఒక్క మ్యాచే. ఆ మ్యాచ్‌లో బంతి వేసింది ఆయనే, అవతలి వాళ్లకు ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. 1953లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు.

"చూశారా, అవమానాలే మనిషిని గట్టి చేస్తాయి" అంటారు కొందరు. మేం ఒప్పుకోం. 1897లో క్లీవ్‌లాండ్‌కు ఆడిన పెనాబ్‌స్కాట్ తెగ ఆటగాడు లూయిస్ సొకలెక్సిస్‌ను కూడా జనం కేకలతో వెక్కిరించారు. పెద్ద లీగ్‌లో ఆయన ఆట మూడు సీజన్లకే ఆగిపోయింది. తాగుడు, కాలి గాయం కూడా అందుకు కారణాలే. కానీ అవమానం ఆయనకు ఏ మేలూ చేయలేదు. తట్టుకున్న ఒక్కరిని చూపించి మిగతా అందరినీ తట్టుకోమనడం న్యాయం కాదు.

మరి ఏం చేయాలి? పిల్లల్ని పేరు పెట్టి పిలుద్దాం. తప్పు చేసిన వెంటనే తిట్టకుండా, తర్వాతి బంతికి ఏం చేయాలో ఒక్క మాట చెబుదాం. స్కోరు ఒక్కటే కాదు, మంచి బంతిని ఎంచుకున్నాడా, సరిగ్గా నిలబడ్డాడా అన్నది కూడా లెక్కేద్దాం. ప్రతి బంతికి ముందు ఒకే పద్ధతి అలవాటు చేద్దాం: ఊపిరి వదలడం, బ్యాట్ పట్టు చూసుకోవడం, చూపు పిచ్చర్ చేతి మీద పెట్టడం. ఇంకో ముఖ్యమైన మాట. గ్లోవ్ లేని పిల్ల గట్టి బంతిని చూసి వెనక్కి జరిగితే అది మైండ్‌సెట్ లోపం కాదు, గ్లోవ్ లేని లోపం. దాన్ని అడగాల్సింది పిల్లని కాదు, పైవాళ్లని.

మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. "నువ్వు చేయగలవు" అనే మాట ఎంత అవసరమో, అది అనేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో మాకు తెలుసు. సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు పాత హాస్టల్ గ్రౌండ్‌కి ఒక్క సాయంత్రమైనా వెళ్దాం. లెక్చర్ వద్దు. బంతి వేద్దాం, పేర్లు నేర్చుకుందాం.

జై ఆదివాసీ.