విమానానికి బోర్డు, మా ఆపరేషన్‌కు వాయిదా

శంషాబాద్‌లో విమానం గంట లేటైతే బోర్డు మీద టైం పడుతుంది. ఆ ఎయిర్‌పోర్టు చుట్టూ చీపురు పట్టి బతికే మా వాడల ఆడవాళ్లు గర్భసంచి ఆపరేషన్‌కు సర్కారు దవాఖానాకు పోతే 'మత్తు డాక్టర్ లేడు, మళ్ల రా' అంటరు. మళ్ల అంటే ఏ రోజు? కాగితం మీద రాసియ్యరు. తిరిగిన ప్రతిసారీ కూలి పోతుంది. తిరిగి తిరిగి పరీక్షలు పాతబడితే మళ్ల రక్తం తీస్తరు.

డాక్టర్లు తక్కువని మాకు చెప్పకండి. ఇదే రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. పేదల సంతానం తగ్గించడానికి లేని క్యూ, పేదల నొప్పి తగ్గించడానికి ఎక్కడినుంచి వచ్చింది?

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు. మంచిదే. కార్డు మీద ఆపరేషన్ తేదీ ఉండదు కదా!

మేం అడిగేది ఇది: ఆపరేషన్ రాసిననాడే నంబరు, తేదీ చేతికివ్వాలి. ఆ లిస్టు దవాఖానా గోడకు అంటించాలి. ప్రాణం మీదికొచ్చినవాళ్లు ముందు పోతే అభ్యంతరం లేదు. ఫోను చేయించుకొని దూరినవాళ్ల సంగతి లిస్టే చెప్తది. పరీక్షలన్నీ ఒక్కరోజే చెయ్యాలి. మత్తు డాక్టర్ పోస్టులు నింపాలి.

కార్యకర్తలారా, మీ వాడలో ఎవరెవరు ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నరో వచ్చే సంచికలోపు రాసి పంపండి. ఆ లిస్టు పట్టుకొని కలెక్టర్ దగ్గరికి పోదాం.