పొగగొట్టం తీసేసిన రైతు ఇల్లు

ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, చిడింగ్‌స్టన్ అనే ఊరి దగ్గర 1960ల చివర్లో తాగునీటి కోసం బౌ బీచ్ రిజర్వాయరు కట్టారు. దాని ముంపులో పోబోయే వాటిలో బేలీఫ్ అనే రైతు ఇల్లొకటి. అది కోట కాదు, చర్చి కాదు. చరిత్ర పుస్తకాలకెక్కిన మనిషెవరికీ దానితో సంబంధం లేదు. అయినా దాన్ని నీళ్లకు వదిలేయలేదు. దూలం దూలానికీ గుర్తులు పెట్టి విప్పారు. వెస్ట్ సస్సెక్స్‌లోని సింగిల్టన్‌లో అప్పుడే పురుడు పోసుకుంటున్న వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ ఆరుబయటి మ్యూజియంలో, 1970ల తొలి ఏళ్లలో మళ్లీ నిలబెట్టారు.

అంతవరకూ మెచ్చుకోవాల్సిందే. నా పేచీ ఆ నిలబెట్టిన తీరుతో. విప్పేనాటికి ఆ ఇంటికి పొగగొట్టం ఉంది. నడిమి హాలుకు అడ్డంగా ఎప్పుడో వేసుకున్న పై అంతస్తూ ఉంది. తిరిగి కట్టినప్పుడు రెండూ మాయమయ్యాయి. ఇల్లు 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలాగే చూపించాలని మ్యూజియం నిర్ణయించుకుంది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లు అందులో కాపురం చేసినవాళ్లు కలుపుకున్నవీ మార్చుకున్నవీ లెక్కలోకి రాలేదు.

ఈ కౌంటీల్లో పాత ఇళ్ల మరమ్మతులు చూసే ఇంజినీరుని నేను. అటకలెక్కి టార్చిలైటు వెలుగులో వాసాలు తడిమి చూడడం నా రోజువారీ పని. మనవాళ్లెవరైనా ఇటు వస్తే బేలీఫ్‌కు తీసుకెళ్తుంటాను. అందరూ అడిగేది ఒకటే: "ఇది ఎప్పటిదండీ?" ఒక్క ఏడాది చెప్పి ఊరుకోవడం కుదరదు. చెట్టు వలయాలు లెక్కించి తేల్చిందేమిటంటే, హాలూ దాని పక్కనున్న సామాను కొట్లూ 1405-1430 మధ్యవి. హాలుకు అవతలి వైపునున్న యజమాని భాగం 1505-1510 నాటిది. అంటే మీరు ఇవతలి గుమ్మంలోంచి అవతలి గదిలోకి నడిస్తే దాదాపు నూరేళ్లు దాటినట్టే. బయట నుంచి చూస్తే ఆ సంగతి ఎవరికీ తట్టదు. హాలు కాస్త లోపలికి, రెండు చివరల పై గదులు కాస్త ముందుకు, అన్నిటి మీదా ఒకే పెంకుటి కప్పు. అప్పటి వడ్రంగులు నూరేళ్ల అతుకును అంత నేర్పుగా కలిపేశారు.

గోడల సంగతి మన పల్లెలవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఓక్ కర్రతో చట్రం, చట్రం మధ్య అల్లిన తడికలు, తడికల మీద మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తిన మెత్తు. కిటికీలకు గాజు లేదు, నిలువు కర్రలూ తలుపు చెక్కలే. పై గదికి ఆనుకొని గోడ బయటికి పొడుచుకొచ్చిన చిన్న మరుగుదొడ్డి, దాని కింద గుంట. వచ్చిన చుట్టాల్లో పిల్లలు దీన్నే ఎక్కువసేపు చూస్తారు.

అసలు కథంతా పొగది. హాలు నడుమ నేల మీదే పొయ్యి. పొగ పైకి లేచి, కప్పు కింద కాసేపు తచ్చాడి, పెంకుల సందుల్లోంచీ గాజులేని కిటికీల్లోంచీ బయటపడాలి. మ్యూజియంవాళ్లు ఇప్పటికీ ఆ పొయ్యి వెలిగిస్తారు. కింద బల్ల మీద కూర్చుంటే ఫర్వాలేదు, నిలబడితే కళ్లు మండుతాయి. ఇంటికెళ్లాక కోటు విప్పితే పొగ కంపు. ఇంటి పై సగమంతా పొగకే పోయింది కాబట్టి హాలు మీద ఇంకో అంతస్తు వేయడానికి వీల్లేదు. పెద్ద రైతైనా, పాలేరైనా అందరూ ఆ ఒక్క మంట చుట్టూ చేరాల్సిందే. ఈ దేశపు పల్లె ఇంటి నిర్మాణ చరిత్రను ఒక్క ముక్కలో చెప్పమంటే, పొగను ఒక మూలకు తోయడానికి మనుషులు పడ్డ పాట్లు అంటాను.

మొదట ఇంట్లో ఒక చిన్న గడిని పొగకు వదిలేసి, మిగతా ఇంటికి పై అంతస్తు వేసుకున్నారు. అదే మ్యూజియంలో 17వ శతాబ్దపు పోప్లర్ కాటేజ్ అలాంటిది. పేదవాళ్ల ఇల్లు, పొగకొక అర. ఇటుక పొగగొట్టం దాని కన్నా ఖర్చుతో కూడిన పని. పక్కనే పెండీన్ అనే ఫార్మ్‌హౌస్ ఉంది, దాని కర్ర 1609 నాటిది. దానికి పుట్టుకతోనే ఇంటి నడుమ ఇటుక పొగగొట్టం, చుట్టూ పొయ్యిలు. ఇంకేముంది, పైన పడక గదులొచ్చాయి. గదులొచ్చాక తలుపులు, తలుపులొచ్చాక యజమానికీ పాలేరుకీ వేర్వేరు చోట్లు. పొగతో పాటు ఆ పాత కలగలుపు కూడా పోయింది. అది మంచికో చెడుకో చెప్పలేను గానీ, బేలీఫ్ హాల్లో కళ్లు నులుముకుంటూ ఒక గంట కూర్చున్నవాళ్లెవరూ పొగగొట్టాన్ని తప్పుపట్టరు.

ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్‌లో చర్చి పాస్టరుగా ఉన్న విలియం హారిసన్ 1577లో అచ్చయిన పుస్తకంలో తన ఊరి ముసలివాళ్ల మాటలు రాశాడు. వాళ్ల కాలంలో బాగా మారినవి మూడట: ఎటు చూసినా పొగగొట్టాలు, గడ్డి పరుపుల బదులు మెత్తని పరుపులు, కొయ్య పళ్లేల బదులు తగరపు పళ్లేలు. చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1953లో రాసిన వ్యాసంలో 1570-1640 మధ్య పల్లె ఇంగ్లండ్ తనను తాను తిరగకట్టుకుందని వాదించాడు. ధాన్యం ధరలు పెరిగాయి, చాలామంది రైతుల శిస్తులు మాత్రం పెరగలేదు, చేతిలో మిగిలిన డబ్బు ఇటుకైంది. అన్ని జిల్లాల్లోనూ ఆ తేదీలు పొసగవని తర్వాతివాళ్లు సరిదిద్దారు. నేను ఎక్కిన అటకల వరకైతే ఆయన చెప్పింది చాలాచోట్ల కళ్లకు కనిపిస్తుంది. పడక గది పైనున్న వాసాన్ని వేలితో రాస్తే మసి అంటుకుంటుంది. పడక గది మీద మసి ఎందుకుంటుంది? ఆ గది ఒకప్పుడు లేదు కాబట్టి, కింద మండిన పొయ్యి పొగ నేరుగా అక్కడిదాకా వచ్చేది కాబట్టి. ఎన్నో తరాలు గడిచినా ఆ మసి నా చేతి తొడుగు మీదికి వచ్చేస్తుంది.

పొగగొట్టం వచ్చిందో లేదో సర్కారు కన్ను పడింది. 1662 నుంచి 1689 దాకా పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను. 1696లో కిటికీల పన్ను మొదలై 1851 దాకా నడిచింది. ఈ మధ్యలోనే కర్ర ఇల్లంటే నామోషీ అయిపోయి, కలిగినవాళ్లు ఇంటి ముందు వైపు మాత్రం ఇటుక గోడ కట్టించుకున్నారు. వీధిలోంచి చూస్తే 18వ శతాబ్దం, పెరట్లోంచి చూస్తే 15వ శతాబ్దం. సస్సెక్స్, కెంట్‌లలో ఇంకో తమాషా కూడా ఉంది. కర్ర గోడకు అచ్చం ఇటుకల్లా కనిపించే పెంకులు కొట్టేవారు. 1784లో వేసిన ఇటుకల పన్ను ఎగ్గొట్టడానికే అలా చేశారని గైడ్లు ఉత్సాహంగా చెబుతారు. పెంకుల మీదా ఆ పన్ను పడింది కాబట్టి నేను నమ్మను. గొప్పగా కనిపించాలన్న సరదాయే అసలు కారణమై ఉంటుంది.

ఇన్ని పొరలున్న ఇంటిని ఒక ఏడాది దగ్గర ఆపేయొచ్చా? ఈ తగాదా ఇక్కడ పాతదే. కవి, డిజైనర్ విలియం మోరిస్ 1871 నుంచి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కెల్మ్‌స్కాట్‌లో, 1600 ప్రాంతంలో ఓ రైతు కట్టించుకున్న ఇంట్లో అద్దెకున్నాడు. దానికి తర్వాత చేర్చిన భాగాన్నీ అంతే ప్రేమగా చూశాడు. 1877లో ఆయన పెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం సిద్ధాంతం, గీకొద్దు, పాతదానిలా నటింపజేయొద్దు, ఉన్నదాన్ని నిలబెట్టుకోండి అని. దీనికి పూర్తిగా ఎదురు దారి ఈస్ట్ సస్సెక్స్‌లోని గ్రేట్ డిక్స్‌టర్‌లో కనిపిస్తుంది. 1910లో ఆ పాత ఇంటిని కొన్న నథానియల్ లాయిడ్ కోసం వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ హాలులో తర్వాతివాళ్లు వేసిన అంతస్తులూ అడ్డగోడలూ పీకించాడు. కెంట్‌లోని బెనెండెన్ నుంచి ఇంకో పాత కర్ర ఇంటిని విప్పించి తెచ్చి దీని వెనక నిలబెట్టాడు. రెంటినీ కలుపుతూ తనదైన కొత్త భాగం కట్టాడు. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ గీసింది ఈయనే. మనసు మోరిస్ వైపున్నా, డిక్స్‌టర్ చూస్తే మాత్రం నోట మాట రాదు, ఏం చేస్తాం.

బేలీఫ్ విషయంలో నేను మ్యూజియానికి సగం మార్కులే వేస్తాను. పొగగొట్టం లేని హాలు ఎలా ఉండేదో ఒంటికి తెలియాలంటే అలాంటి ఇల్లొకటి ఎక్కడో ఉండాలి, సరే. కానీ మిగతా నాలుగు వందల ఏళ్ల మాటేమిటి? మనుషులున్న ఇళ్లకు ఆ పద్ధతి అంటగట్టడం ఇంకా తప్పు. "దీన్ని మళ్లీ ట్యూడర్ ఇల్లు చేయండి" అని అడిగే యజమానులు నాకు తరచూ తగులుతారు. ఇటుక ముఖం పీకేయాలట, కర్రకు నల్లరంగు, మధ్యలో తెల్లరంగు వేయాలట. ఆ నలుపు తెలుపుల జోరు చాలామట్టుకు విక్టోరియా కాలపు మోజు. ఈ ప్రాంతంలో ఓక్‌ను ఉత్తగా వదిలేసేవారు, అది ఎండకూ వానకూ వెండి రంగుకు తిరిగేది. చారిత్రక కట్టడాల చట్టబద్ధ జాబితాలోకెక్కిన ఇంట్లో అనుమతి లేకుండా అలాంటి పని చేస్తే నేరం. ఆ చట్టం మీద ఇక్కడ సణగనివాళ్లు లేరు, నాకు మాత్రం అది ఎన్నో పొగగొట్టాలను కాపాడిన చట్టం.

ఇదంతా తెలుగు పేపర్లో రాయడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ వాళ్లది శ్రీశైలం ముంపు ఊరు. అక్కడా రిజర్వాయరే. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అంతకు ముందు నాగార్జునసాగర్‌లో మునిగే కట్టడాల్లో కొన్నిటిని నాగార్జునకొండ మీదికి చేర్చారు. రెండూ గొప్ప పనులే. అయితే ఆ ముంపుల్లో పోయిన రైతుల మిద్దెల్లో ఒక్కదాన్నైనా ఎవరైనా గీసిపెట్టారా? మట్టి మిద్దెను విప్పి ఇంకోచోట కట్టలేం కదా అంటారు. నిజమే, బేలీఫ్‌లోనూ తరలివచ్చింది కర్రే, గోడల మెత్తు కొత్తగా మెత్తిందే. కానీ కాగితం మీదికి తరలించడానికి ఏం అడ్డం? అమ్మమ్మ ఇంట్లో వంటింటి పొగ పైకప్పులోని గవాచిలోంచి పోయేదని, వానొస్తే దాని మీద బండ మూసేవారని మా అమ్మ చెబుతుంది. మిగతా గదులు ఎటున్నాయో ఆమెకూ మేనమామకూ ఇప్పటికీ కుదరదు.

పోలవరం ముంపు మండలాల్లో ఇంకా ఖాళీ కావాల్సిన ఊళ్లున్నాయి. నష్టపరిహారం కట్టడానికి ఇంజినీర్లు ఎలాగూ ప్రతి ఇంటికీ టేపు పట్టుకొని వెళ్తారు. గోడ దేనిది, కప్పు దేనిది, ఎన్ని చదరపు అడుగులు, అన్నీ రాస్తారు. ఆ కాగితాలకు ఇంకో పేజీ జోడించమంటున్నాను. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలోనూ చదివే పిల్లలను సెలవుల్లో ఆ ఇంజినీర్లతో పంపితే ఆ పేజీ వాళ్లే నింపుతారు. ఇంట్లో పెద్దావిడను కూర్చోబెట్టి అడగాలి: పొయ్యి మొదట ఎక్కడుండేది, వంటిల్లు ఎప్పుడు వేరైంది, ఆకు కప్పు పోయి పెంకు ఎప్పుడొచ్చింది, పెంకు పోయి రేకు ఎప్పుడొచ్చింది, స్లాబు ఏ ఏడాది వేశారు, ఏ పంట డబ్బుతో వేశారు. గీసిన నక్షా ఒక కాపీ ఆవిడకే ఇచ్చి రావాలి.