గొప్ప మేధావి ఎవరు? కొలబద్ద ఎవరిది?

"ఈ రోజు బ్రతికి ఉన్న క్రైస్తవ ఆలోచనాపరుల్లో అందరికంటే గొప్ప మేధావి ఎవరు?" యౌవనుల కూడికల్లో ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. బెంగళూరులో, హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో చదువుకుంటున్న మన పిల్లలకు హాస్టల్ గదుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో విశ్వాసం గురించి గట్టి ప్రశ్నలు ఎదురవుతున్నాయి. మాది తెలివితక్కువవారి మతం కాదు అని చెప్పుకోవడానికి వాళ్లకు ఒక పేరు కావాలి. ఆ ఆకలిని మేము తప్పుపట్టడం లేదు. పూర్ణ మనస్సుతో దేవుణ్ణి ప్రేమించమన్నాడు ప్రభువు. చెప్పులతో పాటు బుద్ధిని కూడా మందిరం గుమ్మం బయట విడిచి రమ్మని ఆయన ఎక్కడా చెప్పలేదు.

పేర్లు అడిగితే పేర్లు ఉన్నాయి. 1932లో పుట్టిన అమెరికన్ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగాను చాలామంది మొదట చెబుతారు. మంచివాడు, సర్వశక్తిమంతుడు అయిన దేవుడు ఉండటం, లోకంలో చెడు ఉండటం తర్కానికి పొసగవని 1955లో జె.ఎల్. మాకీ అనే తత్వవేత్త వాదించాడు. నిజమైన స్వేచ్ఛ ఉన్న మనుషులను చేసి, వాళ్లు ఎన్నడూ చెడు చేయకుండా చూడటం సర్వశక్తిమంతుడికి కూడా సాధ్యం కాకపోవచ్చు, కాబట్టి ఆ రెంటి మధ్య వైరుధ్యం లేదని ప్లాంటింగా జవాబిచ్చాడు. ఆయన 1974 నాటి పుస్తకం తర్వాత దేవుణ్ణి నమ్మని తత్వవేత్తల్లో కూడా చాలామంది మాకీ వాదాన్ని ఆ రూపంలో నిలబెట్టడం మానుకున్నారు. కెనడాకు చెందిన చార్లెస్ టేలర్ మరొకరు. 1500 ప్రాంతంలో పశ్చిమ దేశాల్లో దేవుణ్ణి నమ్మకుండా ఉండటం దాదాపు అసాధ్యం, 2000 నాటికి నమ్మకుండా ఉండటమే చాలామందికి సులువైంది, ఇది ఎలా జరిగింది అని ఆయన 2007లో ఒక బృహత్ గ్రంథం రాశాడు.

వీళ్లు చేసిన పని ఏమిటో గమనించండి. ఎవరినో చిత్తుగా ఓడించి చప్పట్లు కొట్టించుకోలేదు. ఎదుటివాడి వాదాన్ని దాని పూర్తి బలంతో తీసుకున్నారు. ప్రశ్ననే మార్చారు. రెండు నిమిషాల వీడియోలో నాస్తికుడి నోరు మూయించినవాడికీ, వీళ్లకూ తేడా అక్కడే ఉంది.

అయితే ఇక్కడితో ఆగితే సగమే కొలిచినట్టు. బాధలో మునిగి ఉన్న మనిషికి తన వాదం పెద్దగా ఓదార్పు ఇవ్వదనీ, అతనికి కావలసింది కాపరి ఆదరణ అనీ ప్లాంటింగాయే తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అది ఆయన నిజాయితీ. కానీ మన పేటల్లో చెడు అనేది తర్కశాస్త్రంలో చిక్కుముడి కాదు. దానికి ఊరుంది, పేరుంది, చట్టం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉండిపోయారు. "దేవుడు చెడును ఎందుకు అనుమతించాడు?" అన్న ప్రశ్న పక్కనే "ఈ చెడును చేసిందెవరు? దేవుడు ఎవరి పక్షాన నిలబడ్డాడు?" అన్న ప్రశ్న మనకు ఉంది.

ఆ రెండో ప్రశ్నను వేదాంతంగా మలచినవారు మనకు దూరంగా ఏమీ లేరు. 1981లో బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ పి. నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతానికి దారి పడింది. భారత క్రైస్తవుల్లో అత్యధికులు దళితులై ఉండగా, భారత క్రైస్తవ వేదాంతం మాత్రం బ్రాహ్మణ సంప్రదాయంతోనే సంభాషిస్తోందని ఆయన ఎత్తిచూపాడు. నిర్మల్ ఈ రోజు లేరు. సత్యనాథన్ క్లార్క్ ఉన్నారు. తమిళనాడు పరయ కులస్తుల మధ్య సేవ చేసిన ఆయన, 1998 నాటి తన పుస్తకంలో వారి డప్పునే క్రీస్తును అర్థం చేసుకునే సాధనంగా తీసుకున్నారు. అంటరానిదని ఊరు తోసేసిన వాయిద్యంలో ఒక జాతి ఆలోచన దాగి ఉందని చూపించారు. డప్పు శబ్దం విని పెరిగిన మనకు ఈ మాట విలువ వేరే చెప్పాలా?

కానీ మన మేధావుల పట్టికల్లో ఇలాంటివారు కనబడరు. పడమటివారు రాస్తే అది "వేదాంతం", మనవారు రాస్తే "సందర్భ వేదాంతం" అవుతోంది. ఆక్స్‌ఫర్డ్‌కు కూడా ఒక సందర్భం ఉంది. దాన్ని ఎవరూ అడగరు, అంతే.

ఇంకొక కొలత కూడా ఉంది, అది చేదైనది. మద్రాసులో పుట్టిన రవి జకరియాస్ ప్రసంగాలు విని మన యౌవనులు ఎంతోమంది ధైర్యం తెచ్చుకున్నారు. ఆయన 2020లో మరణించాడు. ఆయన స్త్రీలపై లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని ఆయన సంస్థే నియమించిన దర్యాప్తు 2021 ఫిబ్రవరిలో తేల్చింది. ముందే నోరు విప్పిన స్త్రీని నమ్మకపోవడం తప్పని ఆ సంస్థ బోర్డు ఒప్పుకుంది. వక్త పతనమైతే అతని ప్రతి వాదం అబద్ధమైపోదు. కానీ ఒకరి తెలివికి మనం మ్రొక్కడం మొదలుపెట్టిన రోజున, అతని చేత గాయపడినవారి మాట మన చెవికి ఎక్కదు. మేధావిని పూజించడంలో ఉన్న అపాయం ఇదే.

కాబట్టి మా తీర్పు ఇది. తర్కంలో ప్లాంటింగా, చరిత్ర లోతులో టేలర్ ఉద్దండులే, వారిని చదవండి. క్లార్క్‌ను, దళిత వేదాంతులను, స్త్రీ వేదాంతులను అదే బల్ల మీద, అదే వరుసలో పెట్టి చదవండి. ఎవరిని చదివినా అడగండి: ఈయన ఎదుటివాడి మాటను న్యాయంగా చెప్పాడా? ఈ ఆలోచన వల్ల ఎవరి భారం తగ్గింది? ఈయన్ని ప్రశ్నించే హక్కు చుట్టూ ఉన్నవారికి ఉందా?

ఈ పుస్తకాలు మన సంఘాల్లో అందరికీ అందాలంటే అవి తెలుగులోకి రావాలి. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ బడుల్లో చదివిన మన పిల్లలకు రెండు మూడు భాషలు వచ్చు. ఒక్కొక్క అధ్యాయం తీసుకుని తెలుగులో సారాంశం రాసి, ఆదివారం సాయంత్రం కూడికలో చదివి వినిపించవచ్చు. అక్కడ కూర్చున్న మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికురాలు లేచి ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్నను కూడా రాసిపెట్టండి. పేతురు, యోహానులను యెరూషలేము మహాసభ విద్యలేని పామరులని తేల్చింది, అయినా వారి ధైర్యం చూసి ఆశ్చర్యపోక తప్పలేదు. రేపటి ఆలోచనాపరురాలు మన కూడికలోనే, వెనుక వరుసలో కూర్చుని ఉండవచ్చు. ఆమెకు మాట్లాడే అవకాశం ఇచ్చే పని మనది.