వనితా విషయములు: దూరదేశపు వకీలు



కాళిదాసు నాటకమున ఉంగరము జారిపోయినందున శకుంతలకు భర్తయెదుట ఆనవాలు లేకపోయెను. నేడు భర్త పరదేశమున నున్న ఇల్లాలికి ఉంగరము చేతనున్నను చాలదు. భర్త గుర్తించినను ఆ దేశపు ప్రభుత్వము గుర్తింపవలెను. మా చెల్లెలి కుమార్తె విషయమున నేను కన్నది మీకును పనికివచ్చునని తలచి ఈ మాసము దానినే వ్రాయుచున్నాను.

అమ్మాయికి నిరుడు వివాహమైనది. అల్లుడు మెల్‌బోర్నున స్థిరనివాసి. అతనికి సెలవు దొరికినది మూడు వారములు. దంపతులు కలసియున్నది పందొమ్మిది దినములు. పిమ్మట అతడు వెడలిపోయెను; అమ్మాయి తెనాలిలో తల్లియొద్ద నిలిచెను. వీసా పనికై అచ్చటి వకీలమ్మ నొకతెను కుదిర్చిరి. ఆమెను మేము తెరమీద తప్ప చూచి యెరుగము. మనకు ఉదయ మెనిమిదిన్నర యగునప్పుడు అచ్చట చలికాలమున మధ్యాహ్న మొంటిగంట. వేసవి సెలవులకు నేను తెనాలి పోయినపుడు ఆ వేళకు పొయ్యిమీద పప్పు ఉడుకుచుండగా మా చెల్లెలు తెరముందు కూర్చుండెడిది. అమ్మాయి తల్లివెనుక నిలుచుండెడిది. వకీలమ్మ ఒకనాడు నవ్వి, “దరఖాస్తుదారు అమ్మాయి గదా, ఆమెను ముందునకు రానిండు” అనెను. ఆ మాట నా మనస్సున నాటినది.

నిజమే. ఆ దరఖాస్తు భార్యది. భర్త జామీను పలుకువాడు మాత్రమే. 309 అను తాత్కాలిక వీసాకును 100 అను శాశ్వత వీసాకును దరఖాస్తు ఒక్కటే. మొదటిది వచ్చిన పిమ్మట, సాధారణముగా దరఖాస్తు చేసిన రెండేండ్లకు, రెండవదానిని విచారింతురు. రుసుము 2024 జూలైలో 9,095 ఆస్ట్రేలియా డాలర్లు; ఆపై ఇంకను హెచ్చినది. నిరాకరించినను ఆ సొమ్ము సాధారణముగా తిరిగిరాదు.

అధికారులు పరిశీలించునవి నాలుగు: ధనవ్యవహారము, గృహనిర్వహణము, బంధుమిత్రులలో దంపతులుగా గుర్తింపు, ఒకరిపై నొకరికి గల నిబద్ధత. జీలకఱ్ఱ బెల్లము, తలంబ్రాలు, ఏడడుగులు మనకు ప్రమాణములు. అచ్చటి అధికారికి ఛాయాచిత్రములు మాత్రమే. వివాహము రిజిస్టరైన పత్రము వలెను. భర్త పంపిన ధనముయొక్క లెక్కలు, ఫోను సంభాషణల జాబితాలు, కలసి ప్రయాణించిన టిక్కెట్లు, ఎరిగినవారి వాఙ్మూలములు వలెను.

ఇచ్చటనే చిక్కు పుట్టెను. “పందొమ్మిది దినముల కాపురమని చెప్పిన నవ్విపోదురు” అని బంధువు లొకరు భయపెట్టిరి. పట్టణమున నొక దళారి, రెండు నెలలు కలసి యద్దెకున్నట్లు కాగితము పుట్టింతునని ముందుకు వచ్చెను. మా చెల్లెలి మనస్సు అటు మొగ్గెను. తల్లిప్రాణము గదా! అమ్మాయి మాత్రము మరునాడు తానే తెరముందు కూర్చుండి ఆ సంగతి దాచక వకీలమ్మ నడిగెను.

ఆమె ముఖము గంభీరమయ్యెను. “అట్టి కాగితము నేను దాఖలు చేయను. 4020 అను నిబంధన కలదు. అబద్ధపు పత్రము బయటపడినచో దరఖాస్తు పోవుటయే గాక, మూడేండ్లవరకు వీసాకు అడ్డుపడవచ్చును. కలసియున్న దినములు తక్కువ యగుట నేరము కాదు. దంపతులు శాశ్వతముగ విడిపోక, ఒకరి నొకరు నమ్ముకొని, నిజమైన బంధమును సాగించుచున్నారా యనునదే చట్ట మడుగును. నీ కథను నీవే వ్రాయుము” అని చెప్పెను.

అమ్మాయి రెండు రాత్రులు కూర్చుండి వ్రాసెను. పందొమ్మిది దినములనియే వ్రాసెను. నాకు చదివి వినిపించి, “పెద్దమ్మా, ఇది చాలునా?” అని యడిగెను. “సత్యమునకు కొలత యెక్కడిదే తల్లీ!” అంటిని.

ఇంటిపేరు వలన మరియొక తొందర కలిగెను. పదవతరగతి పత్రమున ఇంటిపేరునకు ఒక్క యక్షరమే. పాస్‌పోర్టున పూర్తి పేరు. వివాహపత్రమున మరియొక వరుస. మువ్వురును ఒక్కతెయే యని తెలుపుచు, మన వాడుకను వివరించుచు ప్రత్యేకముగ ఒక ప్రమాణపత్రము వ్రాయవలసివచ్చెను. కుమార్తెలకు పెండ్లి చేయదలచిన తల్లులు ఈ పత్రములను ముందే సరిచూచుకొనుట మేలు.

అనుభవముమీద మూడు మాటలు చెప్పెదను. వలస విషయమున సలహా చెప్పువారు ఆస్ట్రేలియా చట్టమున వకీలైనను గావలెను, లేక ప్రభుత్వ రిజిస్టరున పేరున్న ఏజెంటైనను గావలెను. ధనమిచ్చుటకు ముందే వెదకి చూడుడు. పంపిన ప్రతి కాగితపు నకలును, ఉత్తరములు వచ్చు విలాసమును అమ్మాయి తన చేతిలోనే యుంచుకొనవలెను. చదువని దానిపై సంతకము చేయరాదు. మూడవది చెప్పుటకు నోరాడదు గాని చెప్పవలసినదే. అచ్చటికి పోయిన పిమ్మట భర్త హింసించినయెడల, కాపురము చెడినను శాశ్వత వీసా దారి మూసికొనిపోకుండ చట్టమున నిబంధన కలదు. భార్యాభర్తల హితములు వేరైన నాడు ఒక్క వకీలు ఇరువురికిని తగడు; ఆమె తనకు వేరొకరిని కోరవచ్చును.

మొన్న ఆ దేశమునుండి ప్రశ్న వచ్చినది: కలసియున్న కాలమున కాధారము లేవి? అమ్మాయి అన్నవరము పోయివచ్చిన రైలు టిక్కెట్లు, అత్తవారింటి ఛాయాచిత్రములు తానే కూర్చి పంపెను. లెక్కకు పందొమ్మిది దినములును సరిపోయినవి. నిర్ణయ మింకను రాలేదు. ఇప్పుడు ఉదయ మెనిమిదిన్నరకు అమ్మాయి ఒంటరిగా తెరముందు కూర్చుండును. మా చెల్లెలు వంటయింట పప్పు కలుపుచు చెవి యిటు నొగ్గియుండును.